ఆక్సీకరణము, కాన్సరు: వాట్సన్ వాదముపై ఒక పరిశీలన

1953లో ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి డి.ఎన్.ఏ. ద్వికుండలి నిర్మాణమును వెల్లడించిన జేమ్స్ వాట్సన్, అరవై సంవత్సరముల తరువాత, 2013 జనవరిలో ‘ఓపెన్ బయాలజీ’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించినారు. శరీరమంతటా వ్యాపించిన కాన్సరు ఎందుకు నయము కాదన్నది అందలి ప్రశ్న. వ్రాసినవారి పేరు గొప్పది గనుకనే, వాదమును మరింత జాగ్రత్తగా తూచవలసియున్నది.

అప్పటికి ప్రచారములో ఉన్న అభిప్రాయము సులభమైనది. కణము ఆహారమునుండి శక్తిని గ్రహించేటప్పుడు ఆక్సిజన్‌లో కొంత భాగము సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన రూపములు దాల్చుతుంది. పొగాకు పొగ వీటిని పెంచుతుంది. వీటి మూలమున డి.ఎన్.ఏ.లోని గ్వానిన్ ఆక్సీకరణము చెందితే, అది సైటోసిన్‌కు బదులు ఎడినిన్‌తో జతపడవచ్చును. కణవిభజనలో ఆ పొరపాటు స్థిరపడుతుంది. ఇట్టివి కీలకమైన జన్యువులలో పేరుకొంటే కాన్సరుకు దారితీయవచ్చును. ఇంతవరకు సక్రమమే. ‘కావున ఆక్సీకరణమును అరికట్టే మాత్రలు మింగితే కాన్సరు రాదు’ అనుటలోనే చిక్కున్నది.

ఈ నమ్మకమును ఎదిరించుటయే వాట్సన్ వ్యాసమునకు బలము. నిప్పు ఇల్లు కాల్చగలదు, అన్నమూ వండగలదు. రేడియేషన్ చికిత్స, అనేక మందులు ఈ చురుకైన ఆక్సిజన్ ద్వారానే కాన్సరు కణములను చంపుతాయనీ, ముదిరిన కాన్సరు కణములు ఆక్సీకరణ నిరోధకములను దండిగా కూడబెట్టుకొని తప్పించుకొంటాయనీ ఆయన వాదము.

మాత్రలపై జరిగిన పరీక్షలు ఆయన అనుమానమునకు అనుకూలమే. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ పుచ్చుకొన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతము అధికముగా వచ్చినట్లు 1994లో తేలినది. అమెరికాలో 18,314 మందిపై బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి పరీక్షిస్తూ, హాని కనిపించుటచే 1996లో గడువుకు 21 నెలలు ముందుగానే ఆపివేసినారు.

అయితే ఇక్కడనే వాదములోని బలహీనత కనిపిస్తుంది. ఆ పరీక్షలు కాన్సరు రాకముందు మాత్రలు తీసుకొన్నవారిపై జరిగినవి. వాట్సన్ చెప్పినది వ్యాధి ముదిరినవారిని గురించి. రోగము పుట్టుకపై దొరికిన సాక్ష్యము, దాని చివరి దశకు రుజువు కాజాలదు. పైగా బీటా కెరోటిన్ చేసిన హానిని నిరోధకములన్నిటికీ అంటగట్టరాదు. 2014లో స్వీడన్ పరిశోధకులు, ఊపిరితిత్తులలో కంతులున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎసిటైల్ సిస్టీన్ ఇస్తే కంతులు త్వరగా పెరిగినవని చూపినారు. ఇది వాదమునకు కొంత ఊతమే. కాని ఎలుక మనిషి కాదు.

వ్యాసము మంచి ప్రశ్న వేసినది; జవాబు ప్రయోగములే చెప్పాలి. ఈలోగా తరగతిలో ఒక భేదము స్పష్టము చేయవచ్చును: కారెట్టు తినుట వేరు, అందలి ఒక్క పదార్థమును మోతాదు మించి మింగుట వేరు. చికిత్సలో ఉన్న రోగికి బంధువులు ప్రేమతో తెచ్చియిచ్చే విటమిను మాత్రనైనా, ముందుగా వైద్యునికి చూపవలెను.