వానపాము ముందున్నా నోరు తెరవదు

ఆక్సోలోటల్ అనే నీటి సాలమాండర్ తిండి తినడం రెప్పపాటులో అయిపోతుంది. దానికి రెప్పలు లేవు, అది వేరే సంగతి! నోరు ఠక్కున తెరుచుకుంటుంది, నీళ్లతో పాటు వానపామూ లోపలికి పోతుంది. ఉన్న చిన్న పళ్లు పట్టు జారకుండా చూడటానికే తప్ప నమలడానికి కాదు. అలాంటి జీవి మూతి ముందు వానపామును ఆడించినా తల తిప్పుకుందంటే పెంచేవాళ్లకు గాభరా పుడుతుంది. బ్లడ్‌వర్మ్‌లు, రొయ్య ముక్కలు, గుళికలు అంటూ వరసగా మేత మారుస్తారు. పట్టకారుతో మూతికి తగిలిస్తారు. అది ఇంకో మూలకు పోతుంది.

చేయి తిరిగినవాళ్లు ముందు థర్మామీటరు చూస్తారు.

ఆక్సోలోటల్ సొంత ఊరు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సొచిమిల్కో కాలువలు. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న చల్లటి చోటు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉండేవని అంచనా, 2014 నాటికి లెక్క 36కు పడిపోయింది. ఇళ్లలో పెరిగేవి చాలావరకు 1864లో పారిస్‌కు చేరిన 34 జీవుల సంతతి. ఇన్ని తరాలుగా గాజుతొట్టెల్లో పెరుగుతున్నా చల్లదనం మాత్రం వదులుకోలేదు. 16 నుంచి 18 డిగ్రీల నీళ్లయితే హాయి, 24 దాటితే ఆకలి చచ్చిపోతుంది. హైదరాబాదులో మనం 24 దగ్గర ఏసీ పెట్టుకుని హాయిగా నిద్రపోయే గది కూడా దానికి ఉక్కపోతే.

తర్వాత నీటి పరీక్ష. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కొత్త తొట్టెలో వాటిని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు. మొప్పలు ముందుకు వంగినా, తోక కొస చుట్టుకున్నా, తప్పు మేతది కాదని అనుమానించాలి.

ఒక్కోసారి తప్పు మేతదే. మన వర్మీకంపోస్టు గుంతల్లో పెంచే ఎర్రలు, ఐసీనియా ఫెటిడా, బెదిరితే చేదు ద్రవం వదులుతాయి. ఆక్సోలోటల్ నోట పెట్టుకుని వెంటనే ఉమ్మేస్తుంది. కొందరు వాటిని క్షణం పాటు వేడినీళ్లలో ముంచి ఇస్తారు. ఆ తిప్పలు పడేకన్నా లావు వానపాములు వెతుక్కోవడమే నయం. గులకరాళ్లు పరిచిన తొట్టెలో ఇంకో చిక్కుంది: మేతతో పాటు రాయీ లోపలికి పోయి పేగు మూసుకుపోతుంది. అప్పుడు పశువైద్యుడే దిక్కు.

పిల్లల సంగతి వేరు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో కదిలేదే వాటికి తిండి. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీలవాళ్లకు బాగా తెలిసిన ఆర్టీమియా అనే బుల్లి నీటిజీవినే వాటికీ వేస్తారు. అవి రోజూ తినాల్సిందే. ఎదిగినదానికి రెండు మూడు రోజులకోసారి చాలు, ఆరోగ్యంగా ఉంటే వారం పస్తున్నా తట్టుకుంటుంది. కాబట్టి దానితో పూటపూటకూ బతిమాలాట అనవసరం. సాయంత్రం దీపం ఆర్పి ఒక్క వానపామును చూపించి, వద్దంటే తీసేయడం మేలు. వదిలేసిన ముక్క రాత్రంతా కుళ్లి అమోనియా అవుతుంది, మర్నాడు అది తినకపోవడానికి ఇంకో కారణం తయారవుతుంది.