మొదటి గుంజు

మంచి ఫిషింగ్ రీల్‌ను కంటితో చూసే ముందు చెవితో వినాలి. కశ్మీర్‌లో పహల్గాం దగ్గర లిడ్డర్ ఏట్లో నేను తొలిసారి ట్రౌట్ కోసం దిగినప్పుడు, దారి చూపడానికి వచ్చిన పెద్దాయన గాలపు కర్రకు పాత హార్డీ రీల్ ఒకటి ఉండేది. రంగంతా పోయింది, కర్రకు బిగించే ఇత్తడి పాదం అరిగి మెరుస్తోంది. చేప తగిలి ప్రవాహంలోకి దూసుకుపోగానే అది పలికిన టకటకలు ఏటి హోరును చీల్చుకుని వినిపించాయి. “ఎన్నాళ్ల నాటిది చాచా?” అని అడిగాను. “మా నాన్నకు ఒక దొర ఇచ్చిపోయాడు బేటా” అన్నాడు. అంతకు మించిన చరిత్ర ఆయనకు అక్కర్లేదు. ఆ ఏట్లోని ట్రౌట్ కూడా 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి గుడ్ల రూపంలో వచ్చినదే అంటారు.

“ఫ్లై ఫిషింగ్‌లో రీల్ అంటే తాడు చుట్టుకునే డబ్బా, దానికింత డబ్బు తగలెయ్యాలా?” అనేవాళ్లు చాలామంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎరగా ఈకలతో కట్టిన ఈగకు బరువుండదు. దాన్ని మోసుకుపోయేది తాడు బరువే, కాబట్టి విసరడంలో రీల్‌కు పనిలేదు, నిజమే. జానెడు చేపను చేత్తోనే లాగేయొచ్చు, అదీ నిజమే. మరి పెద్ద ట్రౌట్ తగిలి, ఉన్న తాడంతా లాక్కుని పరుగెత్తితే? తాడు చివరన మనం కట్టే 5ఎక్స్ దారం మందం 0.15 మిల్లీమీటర్లు. దాన్ని ఎక్కువగా తెంపేది చేప బరువు కాదు, మొదటి గుంజు. ఆ గుంజుకు, తాడు చుట్టి ఉండే కండె ఒక్క లిప్త మొరాయించినా దారం పుటుక్కుమంటుంది. తేలిగ్గా కదిలి ఆపైన అదుపు తప్పి తిరిగినా ఆపదే, తాడు ఉండచుట్టుకుపోతుంది. వెంటనే కదలాలి, అవసరానికి మించి తిరగకూడదు. పనివాడి ప్రతిభంతా ఈ రెంటి మధ్యే ఉంది.

ఆ ప్రతిభ ఎలాంటిదో ఇంగ్లండ్‌లోని ఆనిక్ ఊళ్లో హార్డీ సోదరులు చూపించారు. 1891లో వాళ్లు తెచ్చిన ‘పర్ఫెక్ట్’ రీల్‌లో కండె బాల్ బేరింగుల వలయం మీద తిరుగుతుంది. వేలితో తాకితే చాలు, నూనెలో జారినట్టు కదులుతుంది. అంతకుముందే, 1874లో, అమెరికాలోని వెర్మాంట్‌లో చార్లెస్ ఆర్విస్ పక్క పలకలకు వరసగా రంధ్రాలు వేసిన సన్నని రీల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. బరువు తగ్గింది, గాలి ఆడి తడి తాడు ఆరింది. పట్టు తాళ్లు తడిగా ఉంటే కుళ్లిపోయే రోజులవి! ఇక న్యూ హ్యాంప్‌షైర్‌కు చెందిన స్టాన్ బాగ్డన్ సంగతి చెప్పకుండా ఉండలేను. సొంత లేత్ మీద, కొడుకు తోడుగా, ఒక్కో రీల్ చేసేవాడు. ఆయన చేతి రీల్ కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2011లో కన్నుమూశాడు.

ట్రౌట్‌కు నా ఓటు క్లిక్ రీల్‌కే. లోపల ఒక పళ్ల చక్రం, దాని మీద స్ప్రింగుతో ఒరిగే చిన్న నాలుక, అంతే. మిగతా బ్రేకు మన అరచెయ్యి, తిరిగే అంచు మీద మెత్తగా ఆనిస్తే సరి. పలకల రాపిడితో ఆపే డిస్క్ డ్రాగ్‌ను తీసిపారెయ్యను. సముద్రపు చేపలకు అది కావాలి. కానీ మూరెడు ట్రౌట్‌కు లారీ బ్రేకులెందుకు? డిస్కే కావాలంటే, ఎంత బిగువుగా ఆపుతుందని కాదు, ఎంత మెల్లగా మొదలవుతుందని చూడండి. కండె నడుము లావుగా ఉండటం మాత్రం నిజంగా మేలు. తాడు బయటికి పోయేకొద్దీ చుట్ట సన్నబడి, అదే బ్రేకుకు లాగుడు బరువెక్కుతుంది. నడుము లావుగా ఉంటే ఆ తేడా తగ్గుతుంది.

దుకాణంలో రీల్ చేతికి తీసుకోగానే కండెకూ చట్రానికీ మధ్య సందు చూడండి. సన్నదారం అందులో దూరి నలిగేటట్టుంటే అక్కడే పెట్టేయండి. కండెను అటూ ఇటూ కదిపితే లొడలొడ వినపడకూడదు. తాడును రెండు వేళ్లతో మెల్లగా లాగండి, తర్వాత ఒక్కసారి గుంజండి. కర్రకు బిగించి పిడి దగ్గర వేలి మీద నిలబెట్టి తూకం చూడండి. ముప్పై గజాల తాడు, దాని వెనక కనీసం యాభై గజాల బ్యాకింగ్, అంటే అదనపు సన్నతాడు, పట్టాలి.

ఇప్పుడు ఆన్‌లైన్ నిండా కనిపించే చవక రీళ్లను తలచుకుంటే కడుపు రగులుతుంది. పాత మేటి రీళ్ల ఆకారం, రంధ్రాల వరస, చివరికి పిడి వంపు కూడా దించేశారు, దించనిది పనితనమే. కడ్డీ అల్యూమినియంలోంచి లేత్ మీద కోసి తీయాల్సింది పోత పోసి, పైన నిగనిగలాడే రంగు కొడతారు. అలాంటిది ఒకటి నేనూ కొన్నాను. మూడో రోజున రాతి మీద పడి పాదం విరిగింది. విడిభాగం లేదన్నారు, ఇంకోటి కొనుక్కోమన్నారు. బాగుచేయడానికి వీల్లేని వస్తువును పనిముట్టు అని ఎలా అంటాం? ఇలాంటి సరుకు వల్ల నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. వెంట్రుకవాసి సందు కోసం రోజంతా లేత్ ముందు నిలబడే మనిషికి తిండి పోతోంది.

డెన్వర్‌లోనో సియాటెల్‌లోనో ఉంటూ కొత్తగా ఏరుల వెంట పడుతున్న మన తెలుగు పిల్లలకు నా విన్నపం ఒకటే. ఆ చవక రీళ్లు మూడు కొనే డబ్బు దాచి, వాడిన పాత క్లిక్ రీల్ ఒకటి వెతికి కొనండి. విప్పి కడిగి, చుక్క నూనె వేసి, ఏటికి తీసుకెళ్లండి.