మత్తయి సువార్త వంశావళి: వాగ్దాన విశ్వాసం - రచనా విధానం

ప్రస్తావన:
క్రొత్త నిబంధన మత్తయి సువార్తతో మొదలవుతుంది. ఆ సువార్త ఒక వంశావళితో (1:1-17) మొదలవుతుంది. పేర్ల పట్టికగా తోచడం వల్ల చాలామంది పాఠకులు దీనిని దాటిపోతారు. దేవుడు మాట తప్పడనడానికి దీనిని నిదర్శనంగా చూపడం ధార్మిక వ్యాఖ్యానాల్లో పరిపాటి. ఆ నమ్మకాన్ని ఈ పాఠం ఏ రచనా విధానంతో కలిగిస్తున్నదో పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

1. ఎంపిక - నిర్మాణం:
మత్తయి తొలి వాక్యంలోనే యేసును దావీదుకు, అబ్రాహాముకు కుమారునిగా పేర్కొన్నాడు. అబ్రాహాము సంతానం ద్వారా సమస్త జనులూ ఆశీర్వాదం పొందుతారన్నది ఒక వాగ్దానం (ఆదికాండము 22:18). దావీదు సింహాసనం నిత్యం నిలుస్తుందన్నది మరొకటి (2 సమూయేలు 7:16). వంశావళి ఈ రెండింటినీ భుజాన వేసుకొని, తరాలను పద్నాలుగేసి చొప్పున మూడు భాగాలుగా అమర్చింది. యెహోరాము, ఉజ్జియాల మధ్య రాజ్యమేలిన అహజ్యా, యోవాషు, అమజ్యా ఇందులో కనిపించరు. కాబట్టి దీనిని వంశ వివరాల నమోదుగా కాక, ఎంపికతో కూడిన రచనగా చదవాలి.

2. దాచని దోషాలు:
ముగ్గురు రాజులను విడిచిన రచయిత, తండ్రుల వరుసకు అవసరం లేని నలుగురు స్త్రీలను చేర్చాడు. తామారు వృత్తాంతంలో మాట తప్పినవాడు ఆమె మామ యూదాయే. రాహాబు యెరికో పట్టణపు వేశ్య, రూతు మోయాబీయురాలు. బత్షెబను పేరుతో కాక ఊరియా భార్యగా పేర్కొనడం వల్ల, దావీదు చేసిన అన్యాయం సొలొమోను జననంతో పాటే గుర్తుకు వస్తుంది. మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయల వంశం చంద్రుని నుంచి మొదలై కృతిపతి కీర్తిని పెంచుతుంది. మత్తయి వంశావళి అందుకు భిన్నంగా, పూర్వుల కళంకాన్ని తుడిచివేయకుండానే ముందుకు సాగుతుంది.

3. చెర - నిరీక్షణ:
యెకొన్యా క్రీ.పూ. 597లో బబులోను చెరకు వెళ్లాడు. దేవుని కుడిచేతి ముద్ర ఉంగరమైనా అతడు ఊడదీయబడతాడని, అతని సంతానంలో ఎవరూ దావీదు సింహాసనం ఎక్కరని యిర్మీయా ప్రకటించాడు (22:24-30). మత్తయి ఆ పేరును తప్పించలేదు. రెండు భాగాల సంధిలో నిలిపాడు. యెకొన్యా మనుమడైన జెరుబ్బాబెలును దేవుడు ముద్ర ఉంగరంగా చేస్తాడని హగ్గయి పలికాడు (2:23). అయినా జెరుబ్బాబెలు అధిపతే తప్ప రాజు కాలేదు. అతని తరువాత అబీహూదు మొదలు యాకోబు వరకు వచ్చే తొమ్మిదిమంది గురించి పాత నిబంధనలో ఏ కథా లేదు. సింహాసనం లేని ఈ తరాలను కూడా ఒక్కొక్కటిగా లెక్కించడంలోనే నిరీక్షణ అర్థం వ్యక్తమవుతున్నది.

4. క్రియారూపంలో మార్పు:
గ్రీకు మూలంలో 'కనెను' అనే అర్థం గల క్రియ 39 సార్లు కర్తరి రూపంలో ఆవృత్తమై, యేసు ప్రస్తావన వద్ద కర్మణి రూపం పొందింది. తెలుగు అనువాదంలోనూ అక్కడ 'కనెను' పోయి 'పుట్టెను' వచ్చింది. యోసేపును మరియ భర్తగానే మత్తయి పరిచయం చేశాడు. రక్తబంధమే ప్రమాణమైతే దావీదు వాగ్దానం చివరి మెట్టుపై తెగిపోవాలి. శిశువుకు పేరు పెట్టడం ద్వారా (1:25) యోసేపు అతనిని తన వంశంలోకి స్వీకరించాడు.

ముగింపు:
ఈ వంశావళిని జన్మశుద్ధికి రుజువుగా చదివితే తామారు, యెకొన్యా, యోసేపు ముగ్గురూ ఆ వాదానికి అడ్డు తగులుతారు. వాగ్దాన చరిత్రగా చదివినప్పుడు వారే దానికి ఆధారాలవుతారు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే అలవాటు పోని సమాజంలో ఈ రెండు పఠనాల మధ్య తేడా కేవలం సాహిత్య చర్చకు పరిమితం కాదు. వాగ్దానంపై విశ్వాసాన్ని మత్తయి పూర్వుల ఘనతపై నిలపలేదు. వారి వైఫల్యాల తరువాత కూడా కొనసాగిన వరుసపై నిలిపాడు.