పనిశాలయు సంచయమును

కళాకారుల పనిశాలలను, రసికుల సొంత సంచయములను బలువురు గూడి చూచివచ్చు యాత్రలు నేఁడు తఱచు సాగుచున్నవి. వానియందు దేనిని ముందు చూడవలయు ననునది విచారణీయము.

సంచయము సిద్ధవస్తువును జూపును. కూర్చినవాని యభిరుచినిఁ దెలుపును. హైదరాబాదున మూఁడవ సాలార్‌జంగు (1889–1949) సంచయము 1951లో దివాన్‌దేవిడీయందుఁ బ్రజలకుఁ దెఱవఁబడెను. మొదటి సాలార్‌జంగు 1876లోఁ గొన్న బెంజోనీ శిల్పము, ముసుఁగు రెబెక్కా, అందుఁ గలదు. దాని యెదుట నిలిచిన గుంపు పాలఱాతి ముసుఁగు పలుచనకు విస్మయపడి సాగిపోవును. ఉలిజాడ కానరానిచోట శిల్పి పడిన శ్రమయుఁ గానరాదు.

శ్రీకాళహస్తి కలంకారీ పనిశాలలో శ్రమ ప్రత్యక్షము. అచట వస్త్రమును గరక్కాయపొడి కలిపిన పాలలోఁ దడిపి యారవేయుదురు. ఇనుపతుక్కును బెల్లమును నీట మురుగఁబెట్టి తీసిన ద్రవముతో, వెదురుకలము పట్టి రేఖలు దీర్తురు. గుడ్డను సోఁకినంతనే రేఖ నల్లబడును. దిద్దుబాటునకుఁ దావు లేదు. ఎఱుపు గావలసినచోటఁ బటికనీరు పూసి, పిదప రంగునీటఁ గాఁచినఁగాని యా వర్ణము తేలదు. చిత్రకారుఁ డింకను బుట్టని యెఱుపును మనసున నిలుపుకొని పూయుచుండును. ఇది యెఱిఁగినవాఁడు సంచయములోని పాతవస్త్రమును జూచినచో, తొట్రుపడని రేఖయందు సొగసుతోడ ధైర్యమునుఁ గాంచును.

ఐనను బనిశాలాదర్శనమున నొక దోషము గలదు. గుంపు చేరినంతనే పని ప్రదర్శనమగును. కలము చూపరులకొఱకుఁ గదలును. కావునఁ గొలఁదిమందియే పోయి, మాటలుడిగి, పని యొక దశనుండి మఱియొక దశకుఁ జేరువఱకు నిలువవలయును. పిదపనే సంచయమునకుఁ బోవుట యుచితము.