గర్భిణి మాట: భీతిచిత్రములలో అపనమ్మకము

'గ్యాస్‌లైటింగ్' అను మాటను మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువారు 2022లో ఆ సంవత్సరపు పదముగా ప్రకటించిరి. దీనికి మూలము పాట్రిక్ హామిల్టన్ 1938 నాటి నాటకము. 1944లో జార్జి క్యూకర్ తీసిన చిత్రమున భర్త అటకమీద నగలకై వెదకునపుడు క్రింద గ్యాసుదీపము సన్నగిల్లును. భార్య కది కనబడును. కాని తన బుద్ధియే చలించినదని ఆమెను నమ్మించుట భర్త పన్నుగడ. "నన్ను పిచ్చిదానిని చేయుచున్నారు" అని మన యిండ్లలో స్త్రీలు పలుకు మాట యిదియే.

ఈ తీగ గర్భిణీకథతో అల్లుకొన్నది 1968లో. ఐరా లెవిన్ నవలను రోమన్ పొలాన్‌స్కీ 'రోజ్‌మేరీస్ బేబీ' యను పేర చిత్రించెను. (బాలికపై చేసిన నేరమును 1977లో అంగీకరించి, మరుసటి యేడు అమెరికా విడిచిపోయిన దర్శకుడే స్త్రీ నిస్సహాయత నింత సూక్ష్మముగా చూపెను. దానిని మరచి యీ చిత్రమును మెచ్చుట తగదు.) ఇందు సాతాను కొలువుకంటె వైద్యుని గది భయంకరము. పుస్తకములు చదువవలదు, స్నేహితురాండ్ర మాట వినవలదు అని డాక్టరు సపిర్‌స్టీన్ మొదటనే చెప్పును. దానితో ఆమెకు సాక్ష్యమన్నది లేకుండ పోవును. నెలల తరబడి కడుపునొప్పి. ఒడలు చిక్కి శల్యమైనను త్వరలో తగ్గుననియే సమాధానము. విందునాడు వంటగదిలో స్నేహితురాండ్రు మాత్రము అట్టి నొప్పి హెచ్చరిక యని చెప్పుదురు.

అయినను చిత్రమునకు గుండెకాయ డాక్టరు హిల్ ఘట్టము. అతడు కుట్రలో చేరినవాడు కాడు, మర్యాదస్థుడు. శరణు జొచ్చిన రోజ్‌మేరీ చెప్పినదంతయు ఓపికతో విని, విశ్రమింపుమని ఊరడించి, ఆమె భర్తకును సపిర్‌స్టీన్‌కును కబురు పంపును. దుష్టులు ముగింపలేని పనిని సజ్జనుని అపనమ్మకము ముగించినది.

జోర్డన్ పీల్ 2017లో తీసిన 'గెట్ అవుట్' గర్భిణీకథ కాదు. అయినను లెవిన్‌కు ఋణపడినది. నల్లజాతి యువకుడు ప్రేయసి యింటివారి మర్యాదల నడుమ తన యనుమానమును తానే శంకించుకొనును. అతని మిత్రుడు ఠాణాకు పోయి మొఱపెట్టుకొనగా అధికారులు నవ్వుదురు. వారిలో నల్లజాతి యధికారిణియు నుండుట గమనింపదగినది.

తెర బయటి సంగతి మఱింత కఠినము. అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రముల లెక్కలలో నల్లజాతి స్త్రీల ప్రసూతిమరణముల రేటు తెల్లజాతివారి రేటునకు ఇంచుమించు మూడింతలు. సెరీనా విలియమ్స్ 2017లో ప్రసవించిన పిమ్మట, ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డకట్టెనని తానే గుర్తించి చెప్పగా, మందుల మత్తులో పలుకుచున్నదని నర్సు తొలుత తలంచెనట. పరీక్షలో గడ్డలు బయటపడెను.

ఈ దారులను కలుపదలచినది 2021 నాటి 'ఫాల్స్ పాజిటివ్'. జాన్ లీ దర్శకుడు. ఇలానా గ్లేజర్ సహరచయిత్రి, నాయిక. సంతానవైద్యుడు హిండిల్ తన వీర్యమునే వాడుట వట్టి కల్పన కాదు. అట్టి మోసమునకై ఇండియానా రాష్ట్రము 2019లో చట్టము చేయవలసి వచ్చినది. ఈ భాగము పదునుగా నున్నది. గ్రేస్ సింగిల్టన్ అను నల్లజాతి మంత్రసాని పాత్రయే చిక్కు. తెల్లజాతి లూసీ ఆమెలో ఏదో మహిమను ఊహించుకొని ఆశ్రయించును; తుదకు గ్రేస్ తన పని తానెఱిగిన సామాన్యస్త్రీ యని తేలును. లూసీ కోరినది మంత్రము. దొరికినది పురుడుపోయు నేర్పు. ఈ వ్యంగ్యము మంచిదే. కాని బాధితురాలు తానే వేరొక స్త్రీని మనిషిగా చూడలేదన్న తీగను కదలించి విడిచి, రచయితలు నెత్తురు చిందు పతాకఘట్టమునకు పరుగిడిరి. గ్రేస్ కథ యేమిటో, ఆమె వద్దకు వచ్చు తల్లుల కథ యేమిటో మన కెఱుకపడకయే చిత్రము ముగియును.