పేర్ల పహాణీ

స్థలం కొనేటప్పుడు తెలివైనవాడు గోడలూ గేటూ చూసి బేరానికి దిగడు. ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఈసీ తీయిస్తాడు. పహాణీయో అడంగలో నకలు తెప్పించుకుంటాడు. లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటీ తిరగేస్తాడు. ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో ఆ కాగితాలే చెబుతాయి. కంపెనీల అనుమతితో వాటి కంప్యూటర్ల భద్రతను పరీక్షించే పెన్‌టెస్టర్లు కూడా తాళాల జోలికి వెళ్లేముందు కాగితాలే చూస్తారు. వాళ్ల పహాణీ పేరు డీఎన్ఎస్.

బ్రౌజర్‌లో మనం కొట్టిన పేరుకు ఐపీ అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ ఇది. మొదట్లో ఈ పద్దంతా ఒకే ఒక్క ఫైలు. అమెరికాలో, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ రోజుల్లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. నెట్‌వర్క్‌లో కొత్త యంత్రం చేరితే వాళ్లకు కబురు పెట్టాలి, వాళ్లు రాసుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి చాలలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ పద్దును పంచేశాడు: ఎవరి డొమైన్ కింది పేర్లు వాళ్లే రాసుకోవాలి. 1987లో సవరించిన ఆ నిబంధనల మీదే ఇంటర్నెట్ ఇప్పటికీ నడుస్తోంది. ఎవరి పద్దు వారిదయ్యాక ఎవరి మరపు కూడా వారిదే అయింది. పెన్‌టెస్టర్ వెతికేది ఆ మరపునే.

పనిముట్టు చిన్నదే. ‘డిగ్’ అనే కమాండ్‌కి డొమైన్ పేరిచ్చి ఒక్కో రికార్డూ అడుగుతారు. ‘ఏ’ రికార్డు సర్వర్ చిరునామా చెబుతుంది, ‘ఎంఎక్స్’ ఉత్తరాలు ఏ గుమ్మానికి చేరతాయో చెబుతుంది. అనుభవజ్ఞులు ఎక్కువసేపు ఆగేది ‘టెక్స్ట్’ రికార్డుల దగ్గర. కంపెనీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరెవరికి ఉందో అక్కడే రాసి ఉంటుంది. డొమైన్ మాదేనని రుజువు చేసుకోవడానికి ఎప్పుడో అతికించిన కోడ్‌లూ అక్కడే మిగిలిపోతాయి. అవి చదివితే ఆ ఆఫీసు ఏయే బయటి సర్వీసులు వాడిందో ఇట్టే తెలిసిపోతుంది.

తర్వాత పద్దు మొత్తం ఒకేసారి అడిగి చూస్తారు. దీన్ని జోన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ప్రధాన సర్వర్ తన జాబితాకు నకలును సహాయ సర్వర్లకు ఇచ్చే మామూలు ఏర్పాటే ఇది. అడిగింది ఎవరో చూడకుండా సర్వర్ ఇచ్చేస్తేనే చిక్కు. 2016 సెప్టెంబర్‌లో ఉత్తర కొరియా సర్వర్ ఒకటి అలాగే ఇచ్చేసింది. మాథ్యూ బ్రయంట్ అనే పరిశోధకుడి ప్రాజెక్టుకు అది చిక్కింది. ఆ దేశపు ‘.కేపీ’ కింద నమోదైనవి అంతా కలిపి 28 పేర్లేనని లోకానికి అప్పుడు తెలిసింది.

నేర్చుకునేవాళ్ల కోసం రాబిన్ వుడ్ అనే బ్రిటిష్ టెస్టర్ ‘జోన్‌ట్రాన్స్‌ఫర్.మీ’ అనే డొమైన్‌కు కావాలనే తలుపు తీసి పెట్టాడు. అడిగితే జాబితా అంతా వచ్చేస్తుంది. అందులో ఒక రికార్డు ప్రకారం ఆ యంత్రం క్యాసియో కాలిక్యులేటర్, దానిమీద నడిచేది విండోస్ ఎక్స్‌పీ! పద్దులో రాసిందల్లా నమ్మకూడదని శిష్యుడికి నవ్వుతూనే అర్థమవుతుంది.

సర్వర్ జాబితా ఇవ్వనంటే ఇంకో దారి ఉంది: సర్టిఫికెట్ల పద్దు. 2011లో వెబ్‌సైట్లకు గుర్తింపు సర్టిఫికెట్లు జారీ చేసే నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ సంస్థలోకి చొరబడినవాళ్లు గూగుల్ పేరిట దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. అలాంటివి దాగకుండా, జారీ అయిన ప్రతి వెబ్ సర్టిఫికెట్‌నూ అందరూ చూడగల పద్దులోకి ఎక్కించే విధానం తర్వాత వచ్చింది. 2018 నుంచి క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. దొంగల్ని పట్టడానికి పెట్టిన ఆ పద్దే టెస్టర్‌కు గని అయింది. కంపెనీ సర్వర్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోకుండా దాని సబ్‌డొమైన్‌లు, అంటే డొమైన్ కింది పేర్లు, ఎన్నో అక్కడ దొరుకుతాయి.

మిగిలింది ఊహించడం. ‘టెస్ట్’, ‘ఓల్డ్’, ‘వీపీఎన్’ లాంటి వేల మాటల జాబితా తీసుకుని ఒక్కొక్కటిగా అడిగే ప్రోగ్రాములున్నాయి. కొన్ని డొమైన్‌లు ఏ పేరడిగినా ‘ఉంది’ అనేస్తాయి. అందుకే ముందుగా పిచ్చి పేరొకటి అడిగి, దానికీ అదే జవాబొస్తుందేమో చూసుకుంటారు.

ఇంత సులువైన పనికి అనుమతెందుకని అనిపించవచ్చు. అమెరికాలోని నార్త్ డకోటాలో 2008లో ఒక కోర్టు, అనుమతి లేకుండా జోన్ ట్రాన్స్‌ఫర్ అడిగిన స్పామ్ వ్యతిరేక ఉద్యమకారుడికి 60 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం వేసింది. భారత ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద అనుమతి లేకుండా, నిజాయితీ లేని లేదా మోసపు ఉద్దేశంతో చొరబడినట్టు రుజువైతే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే ఏ డొమైన్‌లు, ఏ తేదీల్లో, ఎంతవరకు అన్నది ముందే కాగితం మీద పెట్టుకుంటారు. దొరికిన పేరు వేరే క్లౌడ్ సంస్థ యంత్రానికి దారితీస్తే అక్కడ ఆగి, యజమానిని అడుగుతారు.

ఈ శ్రమకు ఫలితం తరచూ మరిచిపోయిన పేరు రూపంలోనే దొరుకుతుంది. ఒక దుకాణం ఉగాది ఆఫర్ల కోసం ఏదో క్లౌడ్‌లో సైటు పెట్టి, తన డొమైన్ నుంచి ‘సీనేమ్’ రికార్డుతో అటు దారి చూపించిందనుకుందాం. పండుగ అయ్యాక క్లౌడ్ ఖాతా మూసేశారు, రికార్డు చెరపలేదు. ఖాళీ అయిన ఆ చోటును ఇంకెవరైనా తీసుకుంటే దుకాణం పేరు మీదే తమ పేజీ పెట్టి వచ్చినవాళ్ల పాస్‌వర్డ్‌లు అడగొచ్చు. స్వీడన్‌కు చెందిన డిటెక్టిఫై సంస్థ 2014లో ఈ ప్రమాదాన్ని వివరంగా బయటపెట్టింది.

నివేదికలో ఇది ఒక్క వరుస: పేరు, అది చూపే చోటు, ‘రికార్డు తీసేయండి’. అడ్మిన్‌కు నిమిషం పని. సర్టిఫికెట్ల పద్దులో మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోతుంది. వచ్చే ఏడాది ఇంకో టెస్టర్ దాన్ని చూసి, డిగ్‌లో అడిగి, ఈసారి జవాబు రాలేదని రాసుకుని తర్వాతి పేరుకు వెళ్తాడు.