లూకా ఫిలిపోవ్: ఒక చెలిమి, ఒక యనువాదము

మూలభాష నెరుగనివాడు పద్యానువాదమునకు పూనుకొనవచ్చునా యని సాహితీపరులు తరచుగా వాదించుకొందురు. రష్యను, ఫ్రెంచి గ్రంథములను మనము పెక్కుసారులు ఇంగ్లీషు ద్వారముననే తెచ్చుకొంటిమి. ఆ మధ్యవర్తి పేరు మాత్రము ముఖపత్రమున అరుదుగా కానవచ్చును. కావున 1897లో అమెరికాయందు వెలువడిన 'సాంగ్స్ ఆఫ్ లిబర్టీ' యను కవితాసంపుటమును పాఠకుల దృష్టికి తేగోరుచున్నాము. కర్త రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ కవి, న్యూయార్కు 'సెంచురీ' మాసపత్రికకు సహాయసంపాదకుడు. ఆయనకు సెర్బియను భాష రాదు. అయినను సెర్బియను కవియు వైద్యుడునైన యోవాన్ యోవానోవిచ్ జ్మాయ్ పద్యములు కొన్ని ఆయన చేతిమీదుగా ఇంగ్లీషున వెలసినవి.

వానికి దారి చూపినవాడు నికోలా టెస్లా. 1888లో ఏకాంతర విద్యుత్తుతో నడచు మోటారుకు పేటెంటులు పొందిన టెస్లాయే! ఆయన సెర్బుల బిడ్డ. 1884లో అమెరికా చేరెను. 1892లో బెల్‌గ్రేడునకు పోయినపుడు జ్మాయ్ స్వయముగా ఆయనకు స్వాగతపద్యము చదివెను. తరువాత టెస్లా పరిశోధనలను 1894లో గ్రంథముగా కూర్చిన థామస్ కామర్‌ఫర్డ్ మార్టిన్ ఆయనను జాన్సను దంపతులకు పరిచయము చేసెను. ఆ యింట టెస్లాకు దొరకిన యాదరమున గృహిణి కాథరీన్ పాలు తక్కువది కాదు. చరిత్రకారులు కొందరు ఆమెను ఒక్క వాక్యముతో దాటవేయుట మాకు నచ్చదు. టెస్లా మాటకు మాటగా అర్థము చెప్పగా, జాన్సను దానిని ఛందస్సున పెట్టెను. యుద్ధమున శత్రువును ప్రాణములతో పట్టిన మాంటినీగ్రో వీరుడు లూకా ఫిలిపోవును గూర్చిన పద్యము వారికెంత ప్రియమయ్యెననగా, అటుపిమ్మట టెస్లా తన లేఖలలో జాన్సనును 'లూకా' యనియే పిలిచెను.

ఇక గుణదోషములు. జాన్సను వీనిని అనువాదములనలేదు, అనుసరణములనెను; టెస్లా చేసిన యక్షరానువాదముల ననుసరించినట్లు స్పష్టముగా తెలిపెను. విదేశగ్రంథకర్తల హక్కులను కాపాడు 1891 నాటి చట్టమునకై పాటుపడినవానికి ఈ నిజాయితీ సహజమే. కథ గల పద్యములలో ఈ పద్ధతి చక్కగా నెగ్గినది: సంఘటన, సంభాషణ, పౌరుషము భాష దాటి రాగలవు. చిన్న ప్రణయగీతములలో మాత్రము మనకు వినవచ్చునది న్యూయార్కు పెద్దమనిషి మర్యాదగల గొంతు. అంత్యప్రాసకొరకు తెచ్చిన పదములు పలుచోట్ల బరువైనవి. మూలము చెవిని సోకనివాడు అర్థమును పట్టగలడు గాని, కవి యెక్కడ ఊపిరి తీసికొనెనో యెట్లెరుగును?

ఇందు టెస్లాకును కొంత బాధ్యత కలదు. తన పీఠికలో ఆయన సెర్బుల దుఃఖచరిత్రకు, 1389 నాటి కొసొవో యుద్ధమునకు పెద్దపీట వేసెను. స్వజాత్యభిమానము మెచ్చదగినదే. కాని యంత్రమునందలి యొక్కొక్క భాగమును విడదీసి బోధింపగల యా మేధావి, సెర్బియను పద్యము నడకను గూర్చియు అట్లే విప్పి చెప్పియుండిన మిత్రునికి ఎంత మేలగును! ఎంపికయందును వీరగాథలకే ముందుచోటు దక్కినది. స్వదేశమున తల్లులు బిడ్డలకు చదివి వినిపించు గేయముల జ్మాయ్ ఈ పుటలలో మనకు ఎదురుపడడు.